మంద్రం

పునరుత్థాన పండుగ నాడు
మా బాకాల కంటే ముందు కుక్కలే లేస్తాయి.
లాబ్రడార్ తీరంలో అప్పటికింకా మోకాలి లోతు మంచు.

ఒకప్పుడు పదకొండుమందిమి.
ఇప్పుడు నలుగురం.
జెరెమయాస్‌కి చూపు లేదు, గుస్తావ్‌కి ముందుపళ్లు లేవు,
యాభై రెండేళ్ల నన్ను ఇంకా
"కుర్రాడా" అనే పిలుస్తారు.
నాలుగోవాడు రెనాటస్. పెద్ద బాకా. పాటకి అడుగు.

చలి బాకా ఊదేవాణ్ణి ముందు పెదవి మీదే కరుస్తుంది.
బాకా మూతిని రాత్రంతా చంకలో పెట్టుకు పడుకోమని
నాకు నేర్పింది ఆయనే.
మీటలు బిగుసుకోకుండా ఒక చుక్క కిరసనాయిలు.
నీ ఊపిరే నీరై, నీరే మంచై గొట్టానికి అడ్డం పడితే
కోపం తెచ్చుకోకు, విదిలించు, మళ్లీ ఊదు.
ఆయన చెప్పిన వేదాంతమంతా అంతే.

పడవ బోల్తాపడి
తమ్ముడు బోవజ్‌ని సముద్రం ఉంచేసుకున్న ఏడు కూడా
వచ్చాడు, నిలబడ్డాడు, వెళ్లిపోయాడు.
చాలా ఏళ్లకి, చేపని చీలుస్తూ చెప్పాడు నాతో:
"ఆ ఏడాదంతా దేవుడితో మాట్లాడలేదురా.
ఊదాను.
అది నా వంతు కదా."

గని వాళ్లు జీతాలు చూపించినప్పుడు ముగ్గురు వెళ్లారు.
సారా ఇద్దర్ని తీసుకుంది.
ఇద్దర్ని ఆ వాలులో పడుకోబెట్టాం.
మా దగ్గర సమాధిరాళ్లు నిలబడవు,
అన్నీ ఒకే కొలత, నేలకి అంటుకుని,
సంఘపెద్దదీ అదే రాయి, తాగుబోతుదీ అదే రాయి,
అన్నదమ్ములు ఇటు, అక్కచెల్లెళ్లు అటు.
భార్యని అటువైపు దించిన రోజున
"నాకు సరిగ్గా ఎదురుగుండా చోటు చూసిపెట్టండి" అన్నాడు,
బంతిలో విస్తరి ముందు పీట అడిగినట్టు.

ఈ చలికాలం ఆయన ఊపిరితిత్తుల్లో నీరు చేరింది.
గడప దాటొద్దని నర్సు ఖండితంగా చెప్పింది.
నాలుగింటికి, చీకట్లో, ఇల్లిల్లూ తట్టి లేపుతుంటే
ఆ గడప మీదే కూర్చుని ఉన్నాడు.
బూట్లు కుడిదెడమకి, ఎడమది కుడికి.
ఒళ్లో బాకా,
దాని మీద, దాని సొట్టలన్నీ తెలిసిన అరచెయ్యి.

మంచుబండి మీద కూర్చోబెట్టి లాగాం.
దారంతా ఒక్కటే మాట:
"నెమ్మదిరా, సొట్ట పడుతుంది."
తన గురించి కాదు.

సముద్రపు మంచు అంచు పట్టుకుని సూర్యుడు పైకి పాకుతుండగా
మొదలుపెట్టాం.
నా పక్కన ఆయన వేళ్లు కదులుతున్నాయి,
ఏ స్వరానికి ఆ మీట, ఏ క్షణానికి ఆ వేలు.
ఊపిరి మాత్రం లేదు.
ఆ స్వరాలు నాకు వచ్చు,
కావాలంటే ఆ లోటు నేను పూడ్చగలను.
పూడ్చలేదు.
కుదురు లేని కుండలా పాట ఊగింది.
ఒలకలేదు.

ఆఖరి చరణం చివర ఒక పొడుగాటి మంద్రస్వరం ఉంటుంది.
అక్కడ ముగ్గురం ఆగిపోయాం,
ఎవరూ ఎవరికీ చెప్పకుండానే.
జనం ఆగారు. గాలి మాత్రం ఆగలేదు, దాని పని అది చేసింది.

మంచులో సీలు ఊపిరి తీసుకునే కన్నం ఉంటుంది,
దాని పక్కన గంటలు గంటలు కదలకుండా కాచుకుంటే
ఎప్పుడో ఒకసారి లోపల్నుంచి గాలి బుస్సుమంటుంది.
అలాంటిదేదో వచ్చింది.
స్వరమని అనలేను.
శ్రుతి కూడా తప్పింది.
నిండుచూలాలు కెరోలినా ఒక్కతే
"ఆమెన్" అంది, పైకే.

తర్వాత ఆయన బాకా మూతి ఊడదీశాడు.
నాకిస్తాడనుకున్నాను,
నిజం చెప్పాలంటే చెయ్యి చాచాను.
నా చెయ్యి చూసి నవ్వాడు,
కోటు గుండీ విప్పి
దాన్ని తన చంకలోకే తోసుకున్నాడు:
"చల్లారనివ్వకూడదురా కుర్రాడా.
మళ్లీ పండగొస్తుంది."